చేసిన పనిని చెప్పుకొనుట: స్త్రీపురుషుల తీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమున పుస్తకము చేతికి తీసికొన్న పాఠకుడు సాధారణముగా పీఠికను దాటి నేరుగా కథలోనికి పోవును. పీఠికలు నీరసములని చాలమంది యభిప్రాయము. కాని గ్రంథకర్త తన్ను గూర్చి లోకమునకు ఏమి చెప్పుకొనెనో తెలియుటకు పీఠికకు మించిన తావు లేదు. ప్రాచీన తెలుగు కావ్యములలో దీనికే అవతారిక యని పేరు. కవి తన వంశమును, గురువును, పూర్వరచనలను, తన శక్తిని అందు తెలుపును. పురుషుల అవతారికలను, స్త్రీల అవతారికలను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో ఒక విశేషము కంటబడును. ఆ విశేషము కావ్యములకే పరిమితము కాదు. పాఠశాలలో, కచేరీలో, పొలము గట్టున, వంటయింటిలో సైతము అది కనబడుచునే యున్నది. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

మొదట పురుషుల మాట. కవిసార్వభౌముడైన శ్రీనాథుడు కాశీఖండపు అవతారికలో తాను ఏ వయసున ఏ కావ్యము రచించెనో వరుసగా లెక్క చెప్పుకొనెను. బాల్యమున నొకటి, యౌవనమున నొకటి, ప్రౌఢవయసున మరియొకటి. తన పనికి తానే పట్టిక వ్రాసికొన్న ఆ పద్ధతి వలననే ఆయన కృతుల క్రమము తరువాతి తరములవారికి తెలిసినది. ఆధునికులలో తిరుపతి వేంకట కవులు మీసములు పెంచుటకు సైతము తమ కవిత్వశక్తియే కారణమని పద్యము చెప్పిరి. తమ్ము గెలువగల కవి యున్నచో ముందుకు రమ్మని సవాలు చేసిరి. తెలుగు దేశము వారిని గర్విష్ఠులని త్రోసివేయలేదు. ఊరూర పల్లకీలలో ఊరేగించి సన్మానించినది. వారు అందుకు అర్హులనుటలో సందేహము లేదు.

ఇక స్త్రీల మాట. రామాయణమును రచించిన ఆతుకూరి మొల్ల తన అవతారికలో తనకు శాస్త్రజ్ఞానము లేదని చెప్పుకొనెను. గోపవరపు శ్రీకంఠ మల్లేశ్వరుని వరముచేతనే కవిత్వము చెప్ప నేర్చితినని ఆమె పలికినది. తెలియవని ఆమె పేర్కొన్నవానిని చూడుడు: సంధులు, సమాసములు, శయ్యలు, రీతులు, విభక్తులు, ధాతువులు, అలంకారములు, ఛందస్సు, నిఘంటువులు. ఇది ఏమియు తెలియనివారు చెప్పగల పట్టిక కాదు. ఒక లక్షణగ్రంథపు విషయసూచికవలె నున్నది. పైగా ఆ మాట చెప్పినది ఛందస్సు తప్పని పద్యములోనే. అదే అవతారికలో కావ్యము విన్నంతనే అర్థము కావలెనని, గూఢ పదములతో నింపినది మూగ చెవిటివారి ముచ్చట వంటిదని కవిత్వస్వరూపమును సైతము ఆమె నిర్ణయించినది. తెలియదనుచునే తెలిసినవారికి పాఠము చెప్పినది.

తరిగొండ వెంగమాంబ (1730–1817) వేంకటాచల మాహాత్మ్యము, వాసిష్ఠ రామాయణము మొదలగు కావ్యములను, యక్షగానములను, ద్విపదలను రచించినది. ఆమెయును తనకు అక్షరములు దిద్దించిన గురువు లేడనియు, తన నోట పలికించినది దైవమే ననియు చెప్పుకొనెను.

ఇచట నొక ఆక్షేపణ పుట్టుట సహజము. వినయము స్త్రీల సొత్తా? పోతన సైతము భాగవతమును తనచే పలికించినవాడు రామభద్రుడే ననలేదా? నిజమే. వినయము కవులందరికి సంప్రదాయము. భేదము చెప్పినవారి మాటలో కంటె విన్నవారి చెవిలో హెచ్చుగా నున్నది. పోతన వినయమును చదివిన లోకము ఆయనను పాండిత్యము లేనివాడని తలంపలేదు. ఆ వినయమును ఆయన పాండిత్యమునకు ఆభరణముగా నెంచినది. మొల్ల వినయమును చదివినవారిలో ఆమె మాటను ఉన్నది ఉన్నట్లు నమ్మి, ఏమియు చదువని భక్తురాలిగా ఆమెను వర్ణించినవారు కలరు. పురుషుని వినయము అలంకారమైనది. స్త్రీ వినయము వాఙ్మూలమైనది. ఈ యొక్క మాటలోనే నేటి ప్రసంగసారమంతయు నున్నది.

తన్ను తాను పొగడుకొనుట మంచిది కాదని పెద్దలందురు. భారతమున కర్ణపర్వములో ధర్మరాజును నిందించిన పిమ్మట అర్జునుడు పశ్చాత్తాపముతో ప్రాణత్యాగమునకు సిద్ధపడగా, శ్రీకృష్ణుడు ఆతనిని తన గుణములను తానే కీర్తించుకొమ్మనెను. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని దాని భావము. ఈ నీతి గొప్పది. కాని పొగడుకొనుట వేరు, చేసిన పనిని చేసితినని చెప్పుట వేరు. పది బస్తాలు పండించి నూరు బస్తాలనుట డంబము. పది పండించి పది యనుట లెక్క. పది పండించియు 'ఏదో కొద్దిగా' అనుట వినయమే కావచ్చును గాని, ఆ మాట విన్నవాడు నాలుగని వ్రాసికొన్నచో నష్టపోవునది పండించినవారే.

అట్లయిన స్త్రీ నిస్సంకోచముగా తన పనిని చెప్పుకొన్నచో ఏమగును? తెలుగు సాహిత్యమున దీనికి ఒక ప్రసిద్ధమైన దృష్టాంతము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని యను విదుషి యుండెను. సంగీత నృత్య సాహిత్యములందు నిపుణురాలు. రాధికాసాంత్వనమను శృంగార కావ్యమును రచించినది. ఆమె అవతారికలో 'ఏమియు నెరుగను' అను మాట లేదు. పండితులను ధనముతో సత్కరించిన తనవంటి స్త్రీ యెవరని, కృతులు అంకితము పొందిన తనవంటి స్త్రీ యెవరని, ఇన్ని కళలలో ఇంత పేరు గాంచిన స్త్రీ యెవరని ఆమె ప్రశ్నించినది. శ్రీనాథుని ధోరణికి ఏ మాత్రము తీసిపోని ధోరణి.

ఆ మాటలకు పట్టిన గతి వినదగినది. ఆ కావ్యము 1887లో అచ్చయినది, 1907లో మరల ముద్రింపబడినది. కాని ఆ ముద్రణలో కొన్ని పద్యములతోపాటు అవతారికయు విడువబడినది. కవయిత్రి తన్ను గూర్చి తాను చెప్పుకొన్న పుటలే పాఠకునకు అందలేదు! గ్రంథమంతయు చదివినవానికి సైతము ఆమె యెవరో తెలియని స్థితి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రలో ఆమె కావ్యమును నిందించుచు, అందలి మాటలు స్త్రీలు వినదగినవే కావనిరి. ఇక స్త్రీ నోట వెలువడుట మరింత అనుచితమని వారి భావము.

పిదప బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యపు వ్రాతప్రతిని సంపాదించి, విడువబడిన భాగములతో పరిష్కరించి 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసినది. ఔచిత్యము, సిగ్గు అనునవి స్త్రీలకే గాని పురుషులకు వర్తింపవా యని ఆమె సూటిగా నడిగినది. అంతకంటె పచ్చి శృంగారము గల పురుషుల కావ్యములు పండితుల ఆదరణ పొందుచున్న సంగతిని ఎత్తి చూపినది. ఆ ముద్రణను నాటి ప్రభుత్వము అశ్లీలమని నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవతో 1947లో నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు గ్రంథమును మరల ముద్రించిరి. నిషేధమునకు చెప్పిన కారణము శృంగారమే గాని ఆత్మస్తుతి కాదు. ఈ భేదమును మరువరాదు. అయినను పురుషకవులకు చెల్లిన శృంగారమును, చెల్లిన ఆత్మప్రశంసయు రెండును ఆమెకు చెల్లలేదనుట స్పష్టము.

కాబట్టి స్త్రీ ముందు రెండు త్రోవలున్నవి. తగ్గించి చెప్పినచో లోకము నమ్మును. ఉన్నది చెప్పినచో లోకము ఒప్పదు. నమ్మిన చోట విలువ పోవును. ఒప్పని చోట మర్యాద పోవును. ఇట్టి స్థితిలో వినయమును ఎన్నుకొనుట పిరికితనము కాదు; లోకమెరిగినతనము.

ఇదంతయు పాతకాలపు ముచ్చట యని కొందరనుకొనవచ్చును. అది సరికాదు. అమెరికాలో క్రిస్టీన్ ఎక్స్‌లీ, జడ్ కెస్లర్ అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగములు 2022లో ప్రకటితమైనవి. లెక్కలలో, సైన్సులో 20 ప్రశ్నలు గల పరీక్ష నిచ్చి, పిమ్మట 'ఈ పరీక్షను బాగుగా వ్రాసితిని' అను మాటకు నూటికి ఎంతవరకు సమ్మతింతురని పరీక్ష వ్రాసినవారినే అడిగిరి. ఆ జవాబును చూచి వేతనము నిర్ణయించు యజమాని వేరుగా నుండును. పురుషులు తమకు తాము సగటున 61 వేసికొనిరి. స్త్రీలు 46 మాత్రమే వేసికొనిరి. పరీక్షలో సమానముగా వ్రాసినవారి నడుమనే ఈ యంతరము! స్త్రీలకు తమ మార్కులు తెలియకపోవుటయే కారణమా యని, అసలు మార్కులను చెప్పివేసిన తరువాత మరల అడిగిరి. అంతరము పోలేదు. ఆ మాటను ఏ యజమానియు చూడడని చెప్పి యడిగిరి. అప్పటికిని పోలేదు. బడిపిల్లలలో చూడగా ఆరవ తరగతి నాటికే ఈ భేదము కనబడినది.

ఈ ఫలితమును ఆలోచింపవలెను. ఆరవ తరగతి యనగా పదకొండు, పండ్రెండేండ్ల వయసు. ఆడపిల్ల అప్పటికే తన్ను తాను తగ్గించి తూచుకొనుట నేర్చినది. వినువారు ఎవరును లేనప్పుడు సైతము ఆ తూనికరాయి మారలేదు. ఇది జన్మతః వచ్చిన గుణమని ఈ ప్రయోగము చెప్పుట లేదు. అలవాటు ఎంత లోతుగా నాటుకొన్నదో మాత్రము చెప్పుచున్నది.

పండితుల లోకమును ఇట్లే యున్నది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రికలో 2019లో ఒక పరిశోధన ప్రకటింపబడినది. 2002 మొదలు 2017 వరకు వెలువడిన లక్షకు పైగా వైద్య వ్యాసముల శీర్షికలను, సంగ్రహములను పరిశీలించిరి. వ్యాసకర్తల పట్టికలో మొదటి పేరును, చివరి పేరును స్త్రీలవే యైనచో 'నవీనము', 'అద్వితీయము', 'అపూర్వము' వంటి మాటలు వాడుట సుమారు 12 శాతము తక్కువగా నున్నదని తేలినది. మిక్కిలి పేరుగల పత్రికలలో ఈ యంతరము 21 శాతము. అట్టి మాటలున్న వ్యాసములను తరువాతి పరిశోధకులు హెచ్చుగా పేర్కొనిరి. విశేషణము ఒక్కటి చేర్చుటకు కలము వెనుదీసినందున పనికి రావలసిన గుర్తింపు తగ్గుచున్నదన్న మాట.

స్త్రీలు ధైర్యముగా చెప్పుకొనిన చాలదా యని అడుగువారుందురు. 'అడుగనిదే అమ్మయైనను పెట్టదు' అను సామెత వారికి ఆధారము. కాని ముద్దుపళని కథ వారికి సమాధానము చెప్పును. మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు లారీ రడ్మన్ 1998లో ప్రకటించిన ప్రయోగములును అదే చెప్పుచున్నవి. తన సామర్థ్యమును సూటిగా చెప్పుకొన్న స్త్రీని చూచినవారు ఆమె సమర్థురాలే యని ఒప్పుకొనిరి; కాని ఆమెను ఇష్టపడుట తగ్గెను. అట్లు అప్రీతి చూపినవారిలో స్త్రీలును ఉండిరి. కావున ఈ దోషమును పురుషుల తలపై మాత్రమే మోపుట న్యాయము కాదు. కోడలు తన పనిని చెప్పుకొన్నచో 'నోరు పెద్దది' అను అత్తయు, చెప్పుకొనని చోట 'ఏమి చేసినది?' అను మామయు ఒకే తక్కెడను పట్టినవారు.

స్త్రీల పని లోకమునకు తెలిసిన మూడవ త్రోవ యొకటి కలదు: ఇతరులు చెప్పుట. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఊరివారి వెలికి భయపడి వంటవారు, నీళ్లవారు రాకపోగా, ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీరు మోసి, తామే వంట చేసిరి. ఆమె చేతులు ఆడకున్నచో ఆ పెండ్లి పందిట విస్తరి పడెడిది కాదు. పంతులుగారు స్వీయచరిత్రము వ్రాసిరి. తెలుగు స్వీయచరిత్రలలో అది మొదటిదిగా ప్రసిద్ధము. రాజ్యలక్ష్మమ్మగారు అట్టిది వ్రాయలేదు. ఆమెను గూర్చి నేడు తెలిసినది మిక్కిలి భాగము భర్త కలము విడిచిన మేరకే.

భండారు అచ్చమాంబ (1874–1905) ఈ కొరతను గుర్తించిన విదుషి. అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమున ఆమె చేసిన పని యేది? తన గొప్పను చెప్పుకొనుట కాదు; ప్రసిద్ధ స్త్రీల చరిత్రలను ఏరి కూర్చుట. స్త్రీలు అబలలు, అల్పబుద్ధులు అను వాదమునకు ఉదాహరణములతో జవాబు చెప్పుట. ఆమె రచించిన 'ధన త్రయోదశి' యను కథ 1902లో వెలువడినది. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910 నాటిది. అయినను తెలుగున తొలి కథానిక యనగా చిరకాలము దిద్దుబాటు పేరే వినబడినది. గురజాడవారు ఆ గౌరవమును తమకు తాము కట్టుకొన్నవారు కారు, ఇతరులు కట్టిరి. ఇతరులకొరకు ఇన్ని జీవితములు వ్రాసిన అచ్చమాంబ పక్షమున ఆ మాట చెప్పువారు చాలకాలము లేకపోయిరి.

ఇక గ్రామమునకు వత్తము. అతిథి భోజనము చేసి వంట అమృతమనగా ఇల్లాలు 'ఉప్పు కాస్త తక్కువైనదండీ' అనును. వేకువనే లేచి పాలు పితికి, దాణా కలిపి, దూడను కట్టి, పాల కేంద్రమునకు పాలు మోసిన స్త్రీని పని యేమని అడిగినచో 'ఇంటిపట్టుననే ఉందును' అనును. నాట్లు, కలుపు, కోతలలో వంగిన నడుము ఎత్తక పనిచేసిన ఆమె 'మా ఇంటాయన వ్యవసాయము చేయును' అనును. మగవాడు 'పండించితిని' అను చోట ఆడుది 'పండినది' అనును. ఒకరి వాక్యమున కర్త కలడు. వేరొకరి వాక్యమున కర్త లేడు. వ్యాకరణమున ఇది చిన్న భేదము. అప్పు మంజూరు చేయువాని కాగితముపై, సంఘ సభ్యత్వపు పుస్తకమున, నష్టపరిహారపు జాబితాలో ఇది పెద్ద భేదము. పనివానిగా వ్రాయబడనివారికి పనివాని హక్కు రాదు.

ఇదంతయు సగటు మాట యని మరల చెప్పవలెను. మితభాషులైన పురుషులు ఎందరో కలరు. తమ పనిని తడబడక చెప్పు స్త్రీలును కలరు. వ్యక్తులను చూచి జాతిని, జాతిని చూచి వ్యక్తులను తీర్పు చేయరాదు.

చేసిన పని అక్షరమైనప్పుడు ఏమి జరుగునో చూపుటకు నెల్లూరు జిల్లా దూబగుంట చాలును. అక్షరాస్యతా ఉద్యమపు రోజులలో రాత్రిబడికి వచ్చిన ఆ గ్రామపు స్త్రీలు 1992లో తమ ఊరి సారా దుకాణమును ఎదిరించి నిలిచిరి. రోశమ్మ మున్నగువారి పేర్లు అప్పుడే లోకమునకు తెలిసినవి. ఆ స్త్రీల విజయము నూతన అక్షరాస్యుల వాచకమున పాఠమైనది. ఆ పాఠము చదివిన ఇతర గ్రామముల స్త్రీలు తామును కదలిరి. ఉద్యమము జిల్లా దాటి నాటి ఉమ్మడి రాష్ట్రమంతటను వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము అమలునకు వచ్చినది. దూబగుంట స్త్రీలు 'మేము చేసినదేమున్నది' అని యూరకున్నచో, అడిగి వ్రాసినవారు లేకున్నచో, ఆ విజయము ఒక ఊరి పొలిమేరలోనే నిలిచిపోయెడిది. చేసిన పనిని చెప్పుట డంబము కాదు; వెనుక వచ్చువారికి త్రోవలో పెట్టిన దీపము.

గ్రంథాలయమునకు ఇందు కర్తవ్యము కలదు. చెప్పుకొనువారి కంటె వినువారిపై భారము హెచ్చుగా నున్నదని పై దృష్టాంతములన్నియు చూపుచున్నవి. కావున బహుమతులకు, పదవులకు, వేతనములకు యోగ్యులను ఎంచువారు 'నీవు ఎంతవాడవు, ఎంతదానవు' అని అడిగి ఊరకుండరాదు. పనిని తెప్పించి చూడవలెను. వ్యాసరచన పోటీలో వ్యాసమును చదువుదురు గాని, వ్రాసినవారి అభిప్రాయమును అడుగరు గదా! అన్నిట ఆ పద్ధతియే మేలు. కుటుంబములోని స్త్రీలకు ఇంటి యజమాని పేరున కాక వారి పేరననే చందాపుస్తకము తెరువవలెను. బడిలో మంచి మార్కులు తెచ్చిన ఆడపిల్ల 'ఏదో వచ్చినవి' అన్నప్పుడు, 'వచ్చినవి కావమ్మా, తెచ్చుకొన్నావు' అని దిద్దు పెద్దవారు ఒక్కరైనను ఉండవలెను. గ్రామచరిత్ర వ్రాయువారు బావి త్రవ్వించినవాని పేరుతోపాటు, పురుళ్లు పోసి రెండు తరములను నేలకు దింపిన మంత్రసాని పేరును వ్రాయవలెను. ఆమె చెప్పుకొనదు; అడిగి వ్రాయవలెను.

పురుషుడు తగ్గి చెప్పవలెనని గాని, స్త్రీ హెచ్చించి చెప్పవలెనని గాని ఈ ప్రసంగపు ఉద్దేశము కాదు. ఉన్నదానిని ఉన్నంత చెప్పగల నాలుకయు, ఉన్నంతగా వినగల చెవియు ఇద్దరికిని కావలెను. గ్రంథాలయమున అలమారు తెరచినప్పుడు శ్రీనాథుడును మొల్లయు ఒకే వరుసలో నిలిచియుందురు. చందాదారులు ఇద్దరి అవతారికలను చదువుదురు గాక; పిమ్మట ఇద్దరి కావ్యములను చదివి, విలువను కావ్యమును బట్టి కట్టుదురు గాక. ఇరువదియైదేండ్లు నిండిన ఈ పుస్తక భాండాగారము ఇట్టి వివేకమును గ్రామమున పెంపొందించుచు దినదినాభివృద్ధి నొందుగాక!